పటేల్ గారి మడిగె

మా నాయన నోట ‘మా దుకాణం’ అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. ఖమ్మంలో దూది ఏకి పరుపులు కుట్టే ఆ కిరాయి కొట్టులో, ఆ మడిగెలోనే ఆయన తల నెరిసింది. అయినా ఎవరడిగినా ‘పటేల్ గారి మడిగెలో ఉంటం’ అనేవాడు. కిరాయికి ఇచ్చిన మనిషి ఎదురుపడితే ‘అంతా మీదే, మీరు లెమ్మంటే లేస్తం’ అనడం మా ఇళ్లలో మర్యాద. దానికి అవతలివాళ్లు ‘అయ్యో, నువ్వెక్కడికి పోతవ్’ అనాలి. అదీ మర్యాదే. పెద్ద పటేల్ బతికున్నన్నాళ్లూ ఈ పాట ఇద్దరూ ఇంపుగా పాడుకున్నారు.

ఆయన పోయాక మడిగె కొడుకు చేతికి వచ్చింది. అవి రెండువేల తొలి ఏళ్లు. కోచింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి, వాటి హాస్టళ్లకు పరుపులు కుట్టలేక మేం చస్తున్నాం. సరిగ్గా అప్పుడే చిన్న పటేల్‌కు మడిగె పడగొట్టి మేడ లేపాలని బుద్ధి పుట్టింది. లీజుకు ఇంకా గడువున్నా, ఖాళీ చేయించమని కోర్టుకెక్కాడు.

మా వకీలు ధీమాగా ఉన్నాడు. లీజు ఉంది, సాక్షులున్నారు, భయమెందుకన్నాడు. తొలి వాయిదాకే జడ్జిగారు నాయనను చూసి, మడిగె వాళ్లదేనా, ఖాళీ చేయడానికి నీకేమైనా అభ్యంతరమా అని అడిగారు. ఎదురుగా చిన్న పటేల్ నిలబడి ఉన్నాడు. ఇంకేముంది, నాయన చేతులు జోడించాడు.

“అవ్ సార్, అంతా ఆళ్లదే. ఆళ్లు లెమ్మంటే లేస్తం.”

అనేసి, ‘నువ్వెక్కడికి పోతవ్’ కోసం చిన్న పటేల్ వైపు చూశాడు. అది రాలేదు. తీర్పు వచ్చింది. మనిషే ఒప్పుకున్నాక విచారణ దేనికని కేసు అక్కడికక్కడే తేల్చేశారు. వకీలు తల పట్టుకున్నాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఖానాపురం హవేలిలోని ఇంటికి చేరేదాకా షేర్ ఆటోలో నాయనతో తగువే.

“గట్ల ఎందుకన్నవ్ నాయనా?”

“మనిషిని ఎదురుంగ పెట్టుకొని నీది కాదంటమా బిడ్డా?”

పోనీ, అప్పీలుకైనా జల్దీ కదిలాడా అంటే అదీ లేదు. చిన్న పటేల్ చెల్లెలి పెళ్లికి పరుపులు కుడతానని కేసుకు ముందే మాటిచ్చాడు. పెళ్లి పరుపులు కుడుతూ పెళ్లివాళ్ల మీద కోర్టుకెళ్తే దూదిలో కీడు చేరుతుందట. పెళ్లి హడావుడిలో వాళ్లూ మడిగె జోలికి రాలేదు. తీరా పెళ్లయ్యేసరికి అప్పీలు గడువు దాటిపోయింది. ఇక ఆలస్యాన్ని మన్నించి అప్పీలు చేసుకోనివ్వండని పై కోర్టును బతిమాలుకోవాలి. వాళ్లు కాదంటే మడిగె పోయినట్టే. నాయనకు ఇంకో పని చేతకాదు.

“పచ్చకామెర్లు వచ్చినయని చెప్పు, కోర్టుల అందరికీ అవే వస్తయి,” అన్నాడు వకీలు. నాయన బుద్ధిగా తలూపాడు. ఆ తలూపు సంగతి నాకు తెలుసు, తలూపినంత తేలిగ్గా ఆయన నోట అబద్ధం రాదు.

పై కోర్టు జడ్జి ఒకావిడ. ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగారు.

“ఆళ్ల చెల్లె పెండ్లికి పరుపులు కుడుతున్న అమ్మా,” అన్నాడు నాయన. “పెండ్లి కానిచ్చి వద్దామనుకున్న.”

“మరి కింది కోర్టులో ఖాళీ చేస్తానని ఎందుకన్నావు?”

“మర్యాదకు అన్న అమ్మా. ఉండుమంటరనుకున్న.”

హాలంతా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆవిడ నవ్వలేదు. పరుపుల మాట నిజమేనా అని చిన్న పటేల్‌ను అడిగారు. అతను మెడ గోక్కున్నాడు. వాళ్ల వకీలు ఏదో సైగ చేశాడు గానీ అతను అటు చూడలేదు.

“అవ్ మేడం. ఈ మామనే కుట్టిండు. మంచిగ కుట్టిండు.”

అప్పీలు చేసుకోవచ్చన్నారు. గెలిచినట్టు కాదు, అసలు కథ అక్కడే మొదలు. అయినా ఆ పూటకు నాకు అదే పండగ.

మెట్లు దిగుతుంటే చిన్న పటేల్ వెనకే వచ్చాడు. కోర్టు లోపల పగ, బయట వరస.

“మామా, మా ఇంట్ల పాత పరుపులున్నయి, మళ్ల ఏకాలె. ఏడికి పంపమంటవ్?”

నాయన చేతులు జోడించబోయాడు. వకీలు గట్టిగా దగ్గాడు. నేను నాయన కాలు తొక్కాను. ఆయన నన్ను చూశాడు, చిన్న పటేల్‌ను చూశాడు, చేతులు మెల్లగా దించాడు.

“మా దుకాణంకు పంపుండ్రి పటేలా,” అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.