సుధాకర్ పేరు చెప్పి ఇచ్చిన కత్తి

2022 వేసవి. ఫుజైరాలో చేపల రేవు దగ్గర, గాలాలూ వలలూ టార్చిలైట్లూ అమ్మే కొట్టులో పని చేస్తున్నాను. వెనకవైపు రిపేరు బల్ల నాది. ఉప్పునీటికి పట్టేసిన గాలపు రీళ్లు, మడతకత్తులు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించేవాణ్ణి. ఏళ్ల తరబడి ఆ బల్లకి నేనొక్కణ్ణే. తర్వాత జగిత్యాల నుంచి సుధాకర్ వచ్చాడు. చూస్తుండగానే వచ్చినవాళ్లంతా గుమ్మంలోనే అతని కోసం అడగడం మొదలుపెట్టారు. మా ముదీర్, అంటే మేనేజరు, కష్టమైన పని ఏదొచ్చినా అతని వైపే జరిపేవాడు. నేను పైకి నవ్వుతూనే ఉండేవాణ్ణి. లోపల మాత్రం అతని చేతిలో ఒక్క పనైనా చెడితే బాగుండునని కాచుకుని ఉండేవాణ్ణి.

ఒక ఉదయం హమీద్ బాబా వచ్చాడు. సొంత పడవ మీద చేపలకు వెళ్లే ముసలి అరబ్బు. మడతకత్తిలో ఇసుక పడితే ఇంట్లో తనే విప్పేసి, బిగించడం చేతకాక, ముక్కలన్నీ పెరుగు డబ్బాలో వేసుకొచ్చాడు. సుధాకర్‌కివ్వు, మధ్యాహ్నం పడవెక్కే ముందు తీసుకుంటానని హిందీలో చెప్పి వెళ్లిపోయాడు. సుధాకర్ ఆ పూట సరుకు కోసం దుబాయ్ వెళ్లాడు. ఆ సంగతి నేను చెప్పలేదు.

నేనే కూర్చున్నాను. పిడి ఒక పక్కని పడుకోబెట్టి, దాని మీద వాషర్, ఆపైన బ్లేడు, మళ్లీ వాషర్, చివర రెండో పక్క. బ్లేడు తిరిగే ఇరుసు పివట్ స్క్రూ. మరీ బిగిస్తే బ్లేడు కదలదు, వదులైతే ఊగుతుంది. తెరిచిన బ్లేడు మొదలుకి వెనక నుంచి ఆనుకునే సన్నటి రేకు లైనర్ లాక్. కత్తి వేళ్ల మీదకి మడుచుకోకుండా ఆపేది అదొక్కటే. అది ఆనే చోట నూనె ఉండకూడదని నాకు బాగా తెలుసు. కానీ సుధాకర్ బిగించిన కత్తుల కంటే ఇది మెత్తగా తెరుచుకోవాలి. నూనె ధారాళంగా వేశాను. బొటనవేలు ఆనిస్తే చాలు, బ్లేడు జారుతూ వచ్చింది. మురిసిపోయాను.

బ్లేడు వీపు, అంటే పదును లేని అంచు, నొక్కి చూస్తే లాక్ జారింది. గుడ్డతో తుడిచాను. రెండోసారి ఆగింది గానీ నమ్మకం కుదరలేదు. అంతా విప్పి కడగాలి. ఈలోపే బాబా వచ్చేశాడు. ఎవరు చేశారని అడిగాడు.

"సుధాకరే. చేసి బయటికెళ్లాడు" అన్నాను.

ఏమైనా అయితే పోయేది అతని పేరేగా అనుకున్నాను. రేవువాళ్లు కత్తి తీసుకుంటే కౌంటరు చెక్కకి బ్లేడు వీపు ఆనించి నొక్కి చూసుకుంటారు. బాబా చూసుకోలేదు.

"సుధాకర్ చేశాడా, అయితే ఖలాస్, ఇక చూసేదేముంది" అని జేబులో వేసుకున్నాడు.

అప్పుడైనా ఆపొచ్చు. ఆ పేరు ఆయన పలికిన తీరుకి ఒళ్లు మండి ఆపలేదు.

సాయంత్రం బాబా చూపుడువేలికి కట్టుతో వచ్చాడు. తాడు కోస్తుంటే కత్తి మడుచుకుందట, కుట్లు పడ్డాయట. అప్పటికి సుధాకర్ తిరిగొచ్చాడు. బాబా అతన్ని తిట్టలేదు. నీ మీద నమ్మకంతో చూసుకోలేదు అని మాత్రం అన్నాడు. సుధాకర్ కత్తి విప్పాడు. లోపలంతా నూనె. నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"అన్నా, గీ కత్తి నేను ముట్టనే లేదు గదా."

బాబాకి తెలుగు రాదు. అక్కడ కూడా తప్పించుకోవచ్చు. కానీ ఆ కట్టు వైపు చూశాక నావల్ల కాలేదు. చేసింది నేనని, జారుతుందని తెలిసే అతని పేరు చెప్పానని హిందీలో ఒప్పుకున్నాను. బాబా నా వైపు తిరిగాడు.

"నువ్వు చేశావని చెప్పుంటే నొక్కి చూసుకునేవాణ్ణి" అన్నాడు.

ముదీర్‌కి కూడా నేనే చెప్పాను. చాలాకాలం నాకు కత్తులు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

చేసినవాడి పేరుని బట్టే తీసుకునేవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలో నిర్ణయించుకుంటాడని ఆ రోజు తెలిసింది. అసూయ పోయిందని చెప్పను. ఎవరైనా సుధాకర్ కావాలంటే ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. కానీ పని కుదరకపోతే, నాకు చేతకాలేదు, అతనొచ్చేదాకా ఆగండి అంటున్నాను. ఆ మాట ఇంకా సులువుగా రావడం లేదు.