గుండంలో రెండు బిందెల నీళ్లు

అరవై దాటాక ధర్మవరంలో నేను అక్షరాలు దిద్దాను. మధ్యాహ్నం పూట బడి వరండాలో చెప్పేవారు. మా నేతగాళ్ల వీధి ఆడవాళ్లం ఒక పక్క, వెనక ఉన్న సాయిబుల వీధి ఆడవాళ్లు ఇంకో పక్క. మధ్యలో ఎద్దులబండి పోయేంత ఖాళీ. రెండు వీధులకూ పద్నాలుగేళ్లుగా మాటల్లేవు.

వాచకంలో ఆవు పాలిచ్చీ ఇచ్చీ మాకు విసుగు పుట్టాక, మా రెండు వీధుల కథే పాఠంగా రాసుకోమంది పంతులమ్మ. రెండు వైపులా ఒప్పుకున్న మాటే నల్లబల్ల ఎక్కాలని షరతు. మొదట్లో బాగానే సాగింది. పీర్లు మా వీధికి వస్తే మేం నీళ్లు వారబోసి ఎదురెళ్లేవాళ్లమని వాళ్లు చెప్పారు. మా పిల్లలకు జ్వరమొస్తే వాళ్ల ముసలాయన తాయెత్తు కట్టేవాడని మేం చెప్పాం. ఒక్కో వాక్యానికి అరగంట పట్టేది కాబట్టి పోట్లాడే ఓపిక ఎవరికీ మిగిలేది కాదు.

ఒక చోట మాత్రం ఆగిపోయాం. పద్నాలుగేళ్ల కిందటి పీర్ల పండుగలో, జనం నిప్పుల మీద నడవకముందే, ఎవరో గుండాన్ని నీళ్లు పోసి ఆర్పేశారు. మా మగవాళ్లే కక్షతో చేశారని వాళ్లు, చేయని తప్పు మోపారని మేము. కట్టెలు లేచాయి, తలలు పగిలాయి.

ఆర్పింది నేను. చీరకు నిలువుగా పోసే పట్టు దారాలు మా వీధి పొడుగునా సాగదీసి ఉన్నాయి. గాలికి గుండంలోంచి రవ్వలు వాటి మీదికి వస్తుంటే రెండు బిందెలు కుమ్మరించి వచ్చాను. గొడవ పెద్దదయ్యాక నోరు పెగల్లేదు.

చెబితే ఒక మనిషి దూరమవుతుంది నాకు. సాయిబుల వీధి ఆమె, నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ గొడవ దాకా నాతో కూర్చుని దారం కండెలు చుట్టినామె. ఆ గొడవలో ఆమె మగడి తల పగిలింది. బడి పుణ్యమా అని నెల రోజులుగా మళ్లీ పలకరిస్తోంది.

సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ‘గుండం ఆర్పింది నేను’ అని రాశాను. ఆమె కూడబలుక్కుని చదివి, లేచి వెళ్లిపోయింది.

మరుసటి రోజు వచ్చి నా ముందు నిలబడింది.

“ఇన్నేండ్లు మీ మొగోళ్లను తిట్టుకుంటా ఉండాం. నోట్లో ఏం పెట్టుకోని ఉంటివక్కా?”

“భయం” అన్నాను.

“పట్టు కాలుతుందని ఒక్క మాట చెప్పింటే, ఆ నీళ్లు మేమే పోసుందుము.”

ఆమె సుద్దముక్క లాక్కుని, నా వాక్యం కింద ‘అడక్కుండా మేము కొట్టాము’ అని రాసింది. మా వాళ్లు కొట్టింది కూడా రాయమన్నాను.

“యాడుంది చోటు? అది రేపు రాద్దాం” అని నా పక్కనే చతికిలబడింది.