శనివారం సంగటి

అమ్మ మూత తీయగానే రాగి సంగటి ఆవిరి వంటింటి గడప దాటి, నెలల బిడ్డ పక్కన నేను పడుకున్న మంచం దాకా వచ్చింది. వెనకే రోట్లో నూరిన చెనిక్కాయల పచ్చడి, మా ఊరిబిండి వాసన. నోరూరింది, ఆ వెంటనే విసుగూ వచ్చింది. కాన్పు సెలవు అయిపోవస్తోంది. వచ్చే వారం సైన్యంలో నా దళానికి తిరిగి వెళ్లాలి. వెళ్లగానే బరువు చూస్తారు, నడుముకు టేపు చుడతారు, పరుగు పెట్టిస్తారు. తప్పితే కొత్తగా చేరిన ఆడపిల్లలకు కసరత్తు నేర్పే నా పని ఇంకొకరికి పోతుంది. అందుకే కొన్నాళ్లుగా పల్చటి మజ్జిగతో నెట్టుకొస్తున్నాను. నిజం చెప్పాలంటే ఒళ్లు కొలిపించుకుని కొలిపించుకుని అలసిపోయాను. చేరేటప్పుడు చాలని ఒళ్లు, ఇప్పుడు ఎక్కువైంది.

ఈ వాసన తగిలితే నాకు సరోజమ్మ మేడమ్ గుర్తొస్తుంది. బుక్కరాయసముద్రంలో మా బడి డ్రిల్లు టీచరు. పొట్టి మనిషి. మోకాళ్లు అరిగి కుంటుతూ నడిచేది కానీ, గొంతెత్తితే చెరువు అవతలికి వినిపించేది. సైన్యంలో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసి, ఇంటర్ అయి ఊరికే ఉన్న నన్ను లాక్కెళ్లి చెరువుకట్ట మీద పరుగెత్తించింది ఆవిడే. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. నేను బాగా పరుగెత్తిన రోజు "కాళ్లు ఉండాయే నీకు" అనేది, అంతే.

ఒక శనివారం కట్ట మీద కళ్లు తిరిగి పడిపోయాను. మేడమ్ నా మొహం మీద నీళ్లు చల్లింది.

"పొద్దున ఏం తిన్న్యావే?"

"ఏం లేదు మేడమ్. ఉద్యోగం వచ్చేదాకా శనివారాలు నేను ఒక్కపొద్దుంటానని మా యమ్మ వెంకటరమణస్వామికి మొక్కుకున్నాది."

ఆమె తిట్టలేదు. తిట్టకపోతేనే నాకు భయం. స్కూటీ ఎక్కించుకుని నేరుగా మా ఇంటికి తీసుకొచ్చింది.

"మొక్కింది నువ్వు, కడుపు మాడ్చుకునేది బిడ్డనా?" అని గుమ్మంలోనే అమ్మను నిలదీసింది.

"ఆ యప్ప ఇస్తేనే కదా మేడమ్ ఉద్యోగం వచ్చేది."

"ఆ యప్ప ఇచ్చేది ఇస్తాడు. తూకం మిషను ఎక్కేది ఈ పాప. ఇంత బక్కగా పోతే ఆడినుంచే వెనక్కి పంపిస్తారు."

"అట్లయితే ఆ ఒక్కపొద్దు నేనుంటాలే" అంది అమ్మ.

"నువ్వు కడుపు నిండా ఎప్పుడు తిన్న్యావని, ఇప్పుడు కొత్తగా మానేదానికి?"

అమ్మ తల వంచుకుంది. మా ఇంట్లో నాయన, తమ్ముడు తిన్నాక నేను, నేను తిన్నాక అమ్మ. వానలు తప్పిన ఏడు కుండ అడుగున ఆమెకు ఏం మిగిలేదో మేమెవ్వరమూ తొంగి చూసింది లేదు.

"మొక్కు తప్పితే ఎట్ల మేడమ్?" అంది చివరికి.

"ఆ పాపం నాకు రానీ. సంగటి పెట్టు, ముగ్గురికీ."

మూలుగుతూ కింద చతికిలబడింది మేడమ్. పళ్లెం ముందుకొచ్చినా చేయి పెట్టలేదు. "నువ్వు కూకోందే నేను ముట్టను" అంది అమ్మతో. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, ఎవరింటికో వచ్చినట్టు ఒక వారగా కూర్చుంది. అందరితో పాటు అమ్మ తినడం నేను చూసింది అదే మొదలు.

తర్వాత తూకంలోనూ పరుగులోనూ గట్టెక్కాను. మేడమ్ పోయినేడు గోరంట్లలో కూతురింట్లో పోయింది. నాకు సెలవు దొరకలేదు. ఆ రోజు ఏడవడానికి కూడా పరేడ్ అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా తీరలేదు.

ఇవాళా శనివారమే. "నాకొద్దుమా, నువ్వు తినెయ్" అన్నాను మంచం మీంచే. వంటింట్లోంచి పళ్లేల చప్పుడు వినిపించింది. లేచి వెళ్లి చూస్తే, రెండు పళ్లేల్లో సంగటి పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది అమ్మ.

"సల్లారిపోతాది, తినుమా" అన్నాను.

"నువ్వు కూకోందే నేను ముట్టను."

మేడమ్ పేరు మేమిద్దరమూ ఎత్తలేదు. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. కూర్చుని పళ్లెం ఖాళీ చేశాను. తగ్గాల్సిన బరువేదో సాయంత్రం చెరువుకట్ట మీద పరుగెత్తే తగ్గుతాను.