చదవని నవలకు నేను రాసిన మెప్పు

ఆ రోజుల్లో నాకు ఖమ్మం మొత్తం మీద కోపంగా ఉండేది. మిర్చి ధర తెలియని మనిషి లేడు, కొత్తగా వచ్చిన నవల పేరు తెలిసిన మనిషి లేడు అని. డిగ్రీ అయిపోయి ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో చేరి ఏడాది కాలేదు. వయసు ఇరవై మూడు. లోకాన్ని బాగుచేసే బాధ్యత ఎవరూ ఇవ్వకపోయినా నేనే తీసేసుకున్నాను. (ఇంట్లో నన్ను 'పోపు' అనేవాళ్ళు. వంటింట్లో ఏదైనా చిటపటమంటే 'మూకుడా, మన పిల్లా?' అని నాన్న అమ్మను అడిగేవాడు.) అలాంటి నాకు ఆదివారం పేజీలో కొత్త పుస్తకాలు పరిచయం చేసే పని అప్పజెప్పారు. కథలైనా, నవలైనా, ఎవరి అనుభవాలైనా సరే, మామూలు పాఠకుడు వెతుక్కుని చదివేలా చెప్పాలి. ఇక ఊరు బాగుపడినట్టే అనుకున్నాను.

మా డెస్క్ ఇంచార్జిని అందరం 'జల్దీ సారు' అనేవాళ్ళం. మధిర వైపు మనిషి. ఏ పనైనా నిన్నటికే కావాలంటాడు. ఒక గురువారం అడవి మనుషుల మీద రాసిన లావుపాటి నవలొకటి నా బల్ల మీద పడేసి, "గంటలో కావాలమ్మా, జల్దీ" అన్నాడు. "ఇంత పుస్తకం గంటలో ఎట్లా చదవాలి సార్?" అంటే, "వెనక అట్ట చదువు. అట్ట మీద అంత ఎందుకు రాశారు మరి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే వెనక అట్ట చదివి, 'అడవి బిడ్డల గుండె చప్పుడు. ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం' అని రాసిచ్చాను. ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందంటే కోపం కూడా చల్లారిపోయింది. (ఆదివారం ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. నవలను మాత్రం తెరవలేదు.)

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఒకామె ఆ నవల పట్టుకుని ఆఫీసుకొచ్చింది. దమ్మపేట అవతల, అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిలో టీచరు. కోయగూడెంలోనే పుట్టి పెరిగిన మనిషి. అభిమానంతో వచ్చిందనుకుని కుర్చీ వేసి, చాయ్ చెప్పాను.

"గీ పుస్తకం గురించి రాసింది నువ్వేనా, చెల్లె?"

"అవునక్కా."

"చదివినవా?"

"చదివాను."

"అయితే అండ్ల ఇప్పపూల ముచ్చట ఎట్లుందో చెప్పు."

వెనక అట్టంతా మనసులో ఒకసారి తిరగేశాను. ఇప్పపూలు ఎక్కడా తగల్లేదు. "చాలా అందంగా ఉందక్కా" అన్నాను.

"శ్రావణమాసంల, వాన పడుతుంటే, పిల్ల చెట్టెక్కి ఇప్పపూలు తెంపుతదంట. ఇప్పపువ్వు ఎండాకాలంల రాలుతది. తెల్లారంగ పోయి కింద పడ్డయి ఏరుకొస్తం. శ్రావణంల చెట్టెక్కితే చేతికేమొస్తయి, చీమలా? ఇగ మావోళ్ళు మాటమాటకు 'దొరా' అంటరంట. మా ఇంట్ల దొర అని పిలిచేది ఒక్క మేకపోతునే!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం అన్ని కోపాల్లోకీ నీచమైనది. అదే నాకొచ్చింది. "నవలంటే కల్పన ఉంటుందక్కా" అన్నాను గొంతు పెంచి.

"కల్పన వద్దంటున్ననా? నీ మాట నమ్మి మా తొమ్మిదో తరగతి పిల్లలకు దినాం ఇంత చదివి వినిపించిన. మొదలు నవ్విన్రు. తర్వాత ఒక పిల్ల లేచి, 'టీచర్, బయటోళ్ళకు మనం గిట్ల కనబడతమా?' అని అడిగింది. నేనేం చెప్పాలె? నువ్వే చెప్పు."

ఆమె నవలను నా బల్ల మీద పెట్టి, చాయ్ ముట్టకుండా వెళ్ళిపోయింది.

రెండు రోజులు కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. పేజీ తిప్పినకొద్దీ మండిపోయింది. ఆ గూడెంలో రేషన్ కార్డు లేదు, ఫోను లేదు, పదో తరగతి పరీక్ష లేదు. వెన్నెల వస్తే చాలు అందరూ డాన్సులే. రాసినాయన మీద వచ్చిన కోపం అట్ట దాటి నేరుగా నా మీదికే వచ్చింది. ఆయన అడవిని చూడకుండా రాశాడు, నేను ఆయన పుస్తకాన్ని చూడకుండా రాశాను. తేడా ఏముంది? వెంటనే కాగితం తీసుకుని, 'ఆ నవలను నేను చదవకుండానే మెచ్చుకున్నాను. ఇప్పుడు చదివాను. మెచ్చుకోవడం తప్పు' అని రాసి జల్దీ సారు ముందు పెట్టాను.

"ఏంటమ్మా ఇది? పేపరు పరువేం కావాలి?"

"చదవకుండా రాసినప్పుడు ఎటు పోయింది సార్ ఆ పరువు? ఇది వేయకపోతే రేపట్నుంచి నేను రాను" అని బల్ల మీద గట్టిగా కొట్టాను. గ్లాసు ఎగిరి చాయంతా ఆయన తెల్లచొక్కా మీద పడింది. (కావాలని చేసింది కాదు. అప్పుడూ అదే చెప్పాను, ఎవరూ నమ్మలేదు.) ఆయన చొక్కా దులుపుకుంటూ "వేస్తాలే తల్లీ" అన్నాడు. వేశాడు కూడా. పురుగుమందు ప్రకటన కింద, 'ఈ నవలపై కొందరు పాఠకులు అభ్యంతరం తెలిపారు' అని ఒక్క ముక్క. 'చదవకుండానే' అన్న మాట లేనే లేదు.

మర్నాడే దమ్మపేట బస్సెక్కాను. సంచిలో రెండు కొత్త పుస్తకాలున్నాయి. ఒకటి కథలు, ఇంకొకటి ఒక నర్సు తన దవాఖానా రోజుల గురించి రాసుకున్నది. రెండూ చివరి పేజీ దాకా చదివినవే. తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి, "ఆ నవల చదవకుండా మంచిదని రాశాను. తప్పు చేశాను" అన్నాను.

టీచరును ఆ ప్రశ్న అడిగిన పిల్లే లేచింది. "ఎందుకు చదవలేదక్కా?"

"టైం లేకుండె."

"మేం గట్లంటే టీచర్ పది గుంజీలు తీపిస్తది."

సాయం కోసం టీచరు వైపు చూశాను. ఆమె బోర్డు వైపు తిరిగిపోయింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. చేసేదేముంది, చెవులు పట్టుకున్నాను. పిల్లలు కలిసి గట్టిగా లెక్కపెట్టారు. ఆరోదానికే ఆగబోతే ఒప్పుకోలేదు. పదీ తీయించారు. ఆ తర్వాతే టీచరు నాకు చాయ్ తెప్పించింది.

తెచ్చిన రెండు పుస్తకాలూ ఆ పిల్లలకే ఇచ్చి వచ్చాను. నెల తర్వాత వాటి గురించి వాళ్ళు ఏం చెప్పారో అదే పరిచయంగా రాశాను. 'నర్సు పుస్తకం అందరూ చదవాలె. రాత్రి డ్యూటీ గురించి చదివినంక మా ఊరి నర్సమ్మకు నమస్తే పెడుతున్నం. కథల పుస్తకంల నాలుగో కథ వదిలేయొచ్చు, రాసినాయనకే నిద్రొచ్చినట్టుంది.' జల్దీ సారు ఒక్క అక్షరం కొట్టేయలేదు. నిదానంగా రెండుసార్లు చదివి పేజీకి పంపాడు.

ఇప్పటికీ కొత్త పుస్తకాల గురించి రాస్తూనే ఉన్నాను. చివరి పేజీ దాకా చదవనిదే కలం పట్టను. కానీ నచ్చని పుస్తకం వస్తే, 'మరికొంత శ్రద్ధ తీసుకుని ఉంటే బాగుండేది' అని మర్యాదగా రాసి ఊరుకుంటున్నాను. రాసినవాళ్ళు తెలిసినవాళ్ళైతే ఆ మాత్రం కూడా రాయను. అప్పటి ఆ ఇరవై మూడేళ్ళ 'పోపు' ఇది చూస్తే నన్ను వదిలేదా? గట్టిగా నాలుగు తిట్టేది. ఆ తిట్లు తినాలని ఈ మధ్య అప్పుడప్పుడూ అనిపిస్తోంది.