ఎర్ర పట్టీ వేసిన చెట్టు

ఆ దీవిలో దిగినప్పటి నుంచీ నాకంతా అయోమయమే. ఎగిరేది అమెరికా జెండా, చెల్లేవి డాలర్లు. బండ్లు మాత్రం మన దేశంలోలా రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తాయి. పోనీ స్టీరింగైనా కుడి పక్కన ఉందా అంటే అదీ లేదు. అద్దెకి తీసుకున్న జీపులో మా ఆయన పక్కన కూర్చుని "లెఫ్ట్, లెఫ్ట్" అని అరవడంతోనే నాకు మొదటి రోజు గడిచిపోయింది. వెనక సీట్లో మా అత్తగారు మాత్రం హాయిగా ఉన్నారు. "ఇన్నాళ్ళకి సరైన పక్కన నడుపుతున్నావురా" అన్నారు కొడుకుతో.

అది 2009. ఆరేళ్ళ మా పాపకి స్ప్రింగ్ బ్రేక్ సెలవులు. అత్తగారు విజిటర్ వీసా మీద ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చి నెలలవుతోంది. "మీ అమెరికాలో ఇల్లూ కారూ తప్ప ఏముందే" అని ఆవిడ అలిగితే, వర్జిన్ ఐలండ్స్‌కి టికెట్లు బుక్ చేశాం.

మర్నాడు ఉదయం కొండ మీంచి బీచ్‌కి దిగే ట్రెయిల్ పట్టాం. అత్తగారు నేత చీర కిందకి నా స్నీకర్లు తొడుక్కుని అందరికన్నా ముందు నడుస్తున్నారు. ఇంట్లో మెట్లెక్కాలంటే గోల పెట్టే మోకాళ్ళు ఏమైపోయాయో నాకు తెలియదు. దారిలో పాతకాలపు చక్కెర మిల్లు ఒకటి కూలిపోయి ఉంది. ఆ గోడల దగ్గర ఆవిడ ఆగిపోయారు.

"చింతచెట్టే, అమ్మాయ్."

"ఇక్కడ చింతచెట్టేమిటి అత్తయ్యా, అలాంటిదేదో అయ్యుంటుంది" అన్నాను.

కింద పడ్డ కాయ చిట్లగొట్టి నా నోట్లో పెట్టారు. చింతపండే. ఇంకాస్త దిగాక సీతాఫలం చెట్టు చూపించారు, ఆ తర్వాత మామిడి. అంతవరకూ డిష్‌వాషర్ వాడడం నుంచి రోడ్డు దాటడం దాకా ఆవిడకి అన్నీ నేనే చెప్పేదాన్ని. ఇక్కడ ఆవిడ చెబుతుంటే నేను తలూపుతున్నాను. ఎవరి దేశంలో ఉన్నామో నాకు తేలలేదు.

ట్రెయిల్ బీచ్‌లో తేలింది. ఎండ మాడ్చేస్తోంది. ఇసుక అంచున నీడనిచ్చే చెట్టు ఒక్కటే ఉంది, దాని మానుకి ఎర్ర రంగు పట్టీ వేసి ఉంది. మన హైవేల పక్కన చెట్లకి సున్నం పట్టీలూ జేగురు పట్టీలూ వేస్తారు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాం. "ఆర్ అండ్ బీ వాళ్ళు ఇక్కడిదాకా వచ్చారే" అని మా ఆయన నవ్వారు కూడా. ఆ నీడన తువ్వాలు పరిచి, అత్తగారినీ పాపనీ కూర్చోబెట్టి మేమిద్దరం నీళ్ళలోకి దిగాం.

కాసేపటికి పాప కేక వినిపించింది. పరుగెత్తుకొచ్చి చూస్తే అత్తగారు గొంతు పట్టుకుని ఉమ్ముతున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తువ్వాలు మీద సగం కొరికిన కాయ, చిన్న పచ్చి ఆపిల్ లాంటిది. అలాంటిదే ఇంకోటి పాప గుప్పిట్లో ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"తిన్నావా? చెప్పు, తిన్నావా?"

పాప ఏడుస్తోందే గానీ జవాబు లేదు. అటుగా వెళ్తున్న ఒక స్థానికురాలు మమ్మల్ని చూసి పరుగున వచ్చింది. అది విషపు చెట్టు, ముందు దాని కిందనుంచి లేవండి, ఆ ఎర్ర పట్టీ హెచ్చరికే అని ఇంగ్లీషులో అరిచింది. పాప చేతులు కడిగించింది. తన బండిలోనే మమ్మల్ని క్లినిక్‌కి తీసుకెళ్ళింది.

దారి పొడవునా అత్తగారికి మాట పెగల్లేదు. గొంతు వాచిపోతోంది. పాప వైపు చూపిస్తూ తల అడ్డంగా ఊపుతున్నారు. పిల్ల తినలేదనా, తిందో లేదో తెలియదనా? నాకు పిచ్చెక్కినట్టయింది. పాప నోరు తెరిచి చూస్తాను, ఏమీ కనిపించదు, మళ్ళీ తెరిచి చూస్తాను. పక్కనే ఉన్న అత్తగారికి ఊపిరి అందుతోందో లేదో చూడాలని కూడా తోచలేదు.

క్లినిక్‌లో డాక్టర్ అత్తగారికి ఇంజెక్షన్లు ఇచ్చి, పాపని పరీక్ష చేసింది. నోట్లో ఎక్కడా మంట లేదు, వాపు లేదు. అయినా ఇద్దరినీ సాయంత్రం దాకా అక్కడే ఉంచింది. అప్పటికి అత్తగారికి వాపు తగ్గి గొంతు కొంచెం తెరుచుకుంది. అంతసేపూ బిగబట్టుకున్న మా ఆయన అప్పుడు విరుచుకుపడ్డారు.

"తెలియని కాయ ఎందుకు కోశావమ్మా? పాప తినుంటే ఏమయ్యేది?"

"అది అడిగిందిరా" అన్నారు ఆవిడ బొంగురు గొంతుతో. "నేను చూసి చెప్పేదాకా తినొద్దన్నాను. పాపం, పట్టుకుని కూర్చుంది."

"అదే, నువ్వెందుకు తిన్నావు?"

ఆవిడ కొడుకుని వింతగా చూశారు.

"తెలిసిన కాయైతే నేరుగా దానికే పెట్టేదాన్ని కదరా. తెలియదు కనకే ముందు నేను కొరికాను."

పిల్ల చేతికి విషం అందించినందుకు ఆవిడ మీద కోప్పడాలో, ఆ విషం ముందు తన నోట్లో వేసుకున్నందుకు ఆవిడ చేతులు పట్టుకుని ఏడవాలో నాకు తెలియలేదు. రెండూ చేశాను.