విప్పని జడ

దీపావళి వెళ్లిన మర్నాడు మంద కదిలింది. బయలుదేరే ముందు మంజులత కూతురిని గడప మీద కూర్చోబెట్టి ఒంటి జడ వేసింది. రిబ్బను కోసం వెతికింది, దొరకలేదు. తాను వడికిన నల్ల ఉన్ని దారం తుంచి జడ కొసకు ముడి వేసింది. తర్వాత మూట నెత్తిన పెట్టుకుని గొర్రెల వెనక నడిచింది. ముందు మామ ఐలేశం, పక్కన మొగుడు లింగస్వామి. పదేండ్ల స్నేహలత ఊరి చివరి దాకా పోయి నిలబడింది. దుమ్ము అణిగాక తిరిగి వచ్చింది.

ఆ జడను మళ్లీ ఎవరినీ విప్పనివ్వలేదు.

ఇంట్లో మిగిలింది అవ్వ సత్తమ్మ, స్నేహలత. ఆదివారం వచ్చినప్పుడల్లా సత్తమ్మ నీళ్లు కాచేది.

"దా బిడ్డా, తల కడుగుత."

"అమ్మ వచ్చినంక."

"మీ అమ్మ వచ్చేది వానలకు గదనే."

"వానలకే కడుగుతది."

గట్టిగా పట్టుకోబోతే పిల్ల రెండు చేతులతో జడను బిగించి గోడకు ఆనుకునేది. మెడ కింద నుంచి స్నానం చేసేది. పడుకునేటప్పుడు జడను ముందుకు వేసుకుని, కొస ముక్కు దగ్గర పెట్టుకుని పడుకునేది. పుష్యమాసం వచ్చేసరికి జడ జడలా లేదు. తాడులా ఉంది.

సత్తమ్మకు ఆడపిల్లల తలలు తెలియవు. కన్నది ఒక్క కొడుకును. ఆమె చేతులకు తెలిసింది గొర్రెలు, ఉన్ని. పెండ్లయిన ఏటి నుంచి మంద వెనకే నడిచింది. కల్వకుర్తి దాటి, అచ్చంపేట దాటి, అమ్రాబాద్ అడవి గుండా కృష్ణ ఒడ్డుకు. దారిలో కోసిన చేలల్లో మందను ఆపేవారు. ఎరువు కోసం రైతులు గింజలిచ్చేవారు. మూడు రాళ్లు, ఒక కుండ, ఒక గొంగడి. తొలకరి పడగానే వెనక్కి. ఇల్లు ఆమెకు వానాకాలపు సంగతి.

ఒక ఎండాకాలం గుట్ట దిగుతుంటే కాలి కింద రాయి కదిలింది. మోకాలు తిరిగింది. దవాఖానలో కట్టు కట్టి, ఇక నడవద్దన్నారు. మరుసటి ఏడు ఆమె మూటను కోడలు ఎత్తుకుంది. ఆమె మొగుడు ఐలేశం మాత్రం ఆగలేదు.

"నేనుండి ఏం జెయ్యాలె? నీ మొఖం నేను, నా మొఖం నువ్వు సూసుకుంట కూసుందమా?" అన్నాడు.

"నా మొఖం గంత అధ్వానంగున్నదా?"

"గొర్రె మొఖం కంటె జర నయమే," అని నవ్వి కర్ర అందుకున్నాడు.

అప్పటి నుంచి ఏడాది పొడుగూ ఇల్లే. ఆమె గొంగడి సందుగలో మడత పెట్టి ఉంది. ఎంత చలి పెట్టినా దాన్ని కప్పుకోదు, ఉతకదు. దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. ఎప్పుడైనా మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక సందుగ మూత ఎత్తి, కాసేపు వంగి ఉండి, మళ్లీ మూసేస్తుంది.

ఒకరోజు బడి దగ్గర వసంతలక్ష్మి మేడం ఆమెను ఆపింది.

"సత్తమ్మా, పిల్ల తల జర కడిగి పంపు. పేన్లు ఎక్కుతున్నయని తల్లులు వచ్చి లొల్లి చేస్తున్నరు. నేను బిడ్డనేమీ అనలేదు. కానీ ఎనక బెంచీల ఒక్కతే కూసుంటాంది. సూడబుద్ధి అయితలేదు."

సత్తమ్మ ఇంటికి వచ్చి మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కుంకుడు కండ్లల మండుతదని భయమా?"

"కాదు."

"గొర్రె కంపని ఎక్కిరిస్తున్నరట గదా?"

పిల్ల జడను చొక్కాలోకి దోపుకుంది. సిగ్గుపడుతోందని సత్తమ్మ అనుకుంది. ఆ వాసన పోతే పిల్ల తేరుకుంటుందని అనుకుంది. అక్కడే పొరబడింది.

పక్కింటి గోవిందమ్మ కూతురు సింధూజ, స్నేహలత ఒకే తరగతి. దీపావళి దాకా ఒకే బెంచీ. బడికి పోయి కూతురిని వేరే బెంచీకి మార్పించినవాళ్లలో గోవిందమ్మ ఒకతి. ఆ తర్వాత సింధూజ వీళ్ల వాకిట్లోకి రావడం మానేసింది. ఆ శనివారం గోడ మీద తల పెట్టి పిలిచింది.

"అవ్వా, మీ వాకిట్ల పార్లర్ పెడదామా?"

"ఏం పెడుతవ్?"

"పార్లర్. ఫోన్ల జూసిన. పుట్టినరోజుకు పిల్లలందరిని పిలిచి మొఖాలకు రాస్తరు, గోర్లకు రంగేస్తరు, కండ్ల మీద దోసకాయ ముక్కలు పెడుతరు."

"కండ్ల మీద దోసకాయలా? అవి తినేటియి గావా?"

"సల్లగుంటదట."

"గీ పూసమాసంల ఇంకెంత సల్లదనం గావాల్నే నీకు?"

అయితే ఆ మాట సత్తమ్మ తలలో నాటుకుంది. అందరు పిల్లలూ తల కడిగించుకుంటే ఈ పిల్లా కడిగించుకుంటుంది. మంచి వాసనలన్నీ ఒకచోట చేర్చాలి. గొర్రె వాసన దరిదాపుల్లో ఉండకూడదు.

ఆ సాయంత్రమే పెసలు విసిరి పసుపు కలిపింది. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది. గోరింటాకు తెంపి తెచ్చింది. అంగడి నుంచి సాంబ్రాణి, నిమ్మకాయలు, రెండు కీరదోసకాయలు తెప్పించింది.

ఆదివారం ఎండ ఎక్కాక పిల్లలు వచ్చారు. ఆరుగురు. నీళ్లు కాచడానికి పెద్ద బోగాని కావాలంటే గోవిందమ్మ మోసుకొచ్చి పొయ్యి మీద పెట్టింది.

"ఏందక్కా, పెండ్లి జేస్తున్నవా?"

"పెండ్లి గాదు, పార్లర్. నువ్వూ కూసో, మొఖానికి గింత రాస్త."

"నా మొఖానికేమైంది?"

"అద్దంల సూసుకోక ఎన్నొద్దులైంది?"

పిల్లలు విరగబడి నవ్వారు. గోవిందమ్మ కూడా నవ్వి, పోకుండా పొయ్యి దగ్గరే కూర్చుంది.

సున్నిపిండి ముద్దలు చేసి పిల్లలు ఒకరి ముఖానికి ఒకరు రుద్దుకున్నారు. చాప మీద వరసగా పడుకుంటే సింధూజ అందరి కండ్ల మీదా దోసకాయ ముక్కలు పెట్టింది. ఆఖరి పిల్లకు పెట్టేసరికి మొదటి పిల్ల కండ్ల మీద ముక్కలు లేవు.

"నావి ఏడబోయినయే?"

"కాకెత్తుకపోయింది," అంది పక్క పిల్ల, నములుతూ.

స్నేహలత గడప మీద కూర్చుని చూసింది. ఒకసారి నవ్వింది. సత్తమ్మ ఆ నవ్వు చూసింది. గోరింటాకు గిన్నె పట్టుకుని దగ్గరికి వెళ్లింది.

"చేతులన్న పట్టు బిడ్డా."

చేతులు చాపింది పిల్ల. సత్తమ్మ రెండు అరచేతుల్లో చందమామలు పెట్టింది. పది వేళ్లకూ టోపీలు తొడిగింది. కారకుండా మణికట్టు దాకా పాత గుడ్డ చుట్టింది. మిగతా పిల్లలకు తల స్నానం అయ్యాక గోరింటాకు. ఈ పిల్లకు ముందే. ఎందుకో పిల్లకు అర్థమయ్యేసరికి అవ్వ వెనక కూర్చుని ఉంది. రెండు చేతులూ గుడ్డల్లో ఉన్నాయి. జడను పట్టుకునే దారి లేదు.

సత్తమ్మ ఉన్ని దారం ముడి విప్పింది. చిక్కుపడిన ఉన్నిని ఎలా విడదీస్తారో అలాగే మొదలుపెట్టింది. లాగకుండా, కొస నుంచి, వేళ్లకు నూనె రాసుకుని. పిల్ల పెనుగులాడలేదు. ఏడవలేదు. గుడ్డ చుట్టిన చేతులు ఒడిలో పెట్టుకుని నెమ్మదిగా అంది.

"అవ్వా, విప్పితె విప్పు. కడగకు."

"ఎందుకు బిడ్డా?"

"పోతది."

"ఏం పోతది?"

"మంద."

సత్తమ్మ వేళ్లు ఆగాయి.

అప్పటికి జడ సగం విడింది. లోపలి పాయల్లో దాగి ఉన్నది బయటికి వచ్చింది. పొయ్యి పొగ. గొర్రెపాలు. ఉన్ని జిడ్డు. తెల్లవారుజామున మందను లేపినప్పుడు నేల నుంచి వచ్చే ఆవిరి. మంజులత ఆ పొద్దు గొర్రెలను తోలిన చేతులతోనే జడ వేసింది. కడుక్కునే తీరిక లేదు.

సత్తమ్మ వంగింది. ముక్కు పిల్ల జుట్టుకు తాకింది. చాలాసేపు లేవలేదు.

"అక్కా, నీళ్లు మరుగుతున్నయ్," అంది గోవిందమ్మ.

"మరగనీ."

"గంతగనం పేన్లున్నయా?"

జడను మళ్లీ అల్లి ముడి వేస్తే ఈ పిల్ల వానల దాకా వెనక బెంచీలోనే. కడిగితే ఆ తల్లి చేతులు నీళ్లలో పోతాయి. మంజులతను అడుగుదామన్నా మంద ఇప్పుడు అడవిలో ఉంది. ఫోను కలవదు. సత్తమ్మ లేచి, మోకాలు పట్టుకుని లోపలికి వెళ్లింది. సందుగ తెరిచి గొంగడి తెచ్చింది. ఇంటికి పరిమితమయ్యాక దాన్ని వెలుగులోకి తేవడం ఇదే మొదలు. పిల్ల ఒడిలో పెట్టి ఒక మడత విప్పింది.

"సూడు."

స్నేహలత ముఖం దించింది. పీల్చింది. మళ్లీ పీల్చింది.

"గిండ్ల తాత ఉన్నడు," అంది.

"ఉంటడు. గిది కప్పుకునే పండేటోళ్లం."

"గొర్లున్నయ్. పొగున్నది." పిల్ల ఇంకాస్త వెతికింది. తల ఎత్తింది. "అమ్మ లేదు."

అబద్ధం చెప్పాలనిపించింది సత్తమ్మకు. చెప్పలేదు. ఆ గొంగడి కోడలిది కాదు. చేతిలో ఉన్న ఉన్ని దారం పిల్ల ముక్కు దగ్గర పెట్టింది.

"గీ దారం మీ అమ్మ వడికింది. కదురు తిప్పుకుంట, తొడ మీద రాసుకుంట. గిందుల ఉన్నది. దీనికి నీళ్లు తగలనియ్య."

"సబ్బు?"

"సబ్బు గూడ."

"ఏడ పెడుతవ్?"

సత్తమ్మ దారాన్ని తన కొంగు చివర మూట కట్టి నడుములో దోపుకుంది. "గిప్పుడు గిక్కడ. నీ చేతులు ఆరినంక నీ మణికట్టుకు."

పిల్ల ఆలోచించింది. చాప మీద పిల్లల అల్లరి ఆగింది. సింధూజ దోసకాయ ముక్క చేతిలో పట్టుకుని చూస్తోంది.

"అయితె పొయ్యి," అంది స్నేహలత, కండ్లు మూసుకుని.

గోవిందమ్మ నీళ్లు తోడి ఇచ్చింది. సత్తమ్మ కుంకుడు నురుగుతో రుద్దింది. మొదటి చెంబు నీళ్లు నల్లగా, పొగ రంగులో వాకిట్లోంచి పారి మట్టిలో ఇంకాయి. సత్తమ్మ వాటినే చూసింది. రెండో చెంబు తెల్లగా పోయింది. పిల్ల కింద చూడలేదు. దువ్వెనతో దువ్వుతుంటే జుట్టు నడుము దాటి వచ్చింది.

"పొద్దటి దాకా గింత జుట్టున్నదని ఎవలకు ఎరుక?" అంది గోవిందమ్మ.

తడి జుట్టుతో స్నేహలతకు చలి పుట్టింది. పండ్లు టకటకలాడాయి. సత్తమ్మ ఏమీ ఆలోచించకుండా పక్కనున్న గొంగడి తీసి పిల్ల తల మీదుగా కప్పింది. జుట్టులోని తడి ఉన్నిలోకి దిగింది.

తడిసిన ఉన్ని మేలుకుంది. ఇన్నేండ్లు సందుగలో అణిగి ఉన్న వాసన ఒక్కసారిగా లేచింది. సాంబ్రాణి పొగ దాని ముందు ఆగలేదు. అడవిలో మొదటి వాన పడి, మంద మొత్తం తడిసి, ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఇంటి దారి పట్టినప్పటి వాసన అది. సత్తమ్మ గోడ పట్టుకుంది.

"అవ్వా," గొంగడి లోపలి నుంచి పిల్ల గొంతు, "మంద వచ్చినట్టే ఉన్నది."

"వానలకు గిట్లనే వస్తది బిడ్డా. వీధి మొత్తం గీ వాసనే."

"అమ్మ కూడా తడుస్తదా?"

"అందరం తడుస్తం."

తడుస్తరు అనాలి. దిద్దుకోలేదు.

"అబ్బ, గొర్రె కంపు!" అంది సింధూజ.

"అవును," అంది స్నేహలత. మొదటిసారి గొంతులో బెరుకు లేదు.

సింధూజ తన తల్లి వైపు చూసింది. గోవిందమ్మ పొయ్యిలో కట్టె సర్దుతోంది. సింధూజ దగ్గరికి వచ్చి గొంగడి అంచు ఎత్తింది.

"జరగు. నాకు గూడ సలి పెడుతాంది."

స్నేహలత జరిగింది. రెండు జతల కాళ్లు బయటికి కనిపించాయి. లోపల గుసగుసలు, నవ్వు. గోవిందమ్మ తల తిప్పి చూసింది. కట్టెను ఇంకొంచెం లోపలికి తోసింది.

పొద్దు గూట్లోకి దిగుతుండగా పిల్లలు ఎర్రని చేతులు ఊపుకుంటూ వెళ్లిపోయారు. చేతులు ఆరాక ఉన్ని దారం మణికట్టుకు కట్టించుకుని స్నేహలత గొంగడిలోనే నిద్రపోయింది. సత్తమ్మ పక్కన కూర్చుంది. గొంగడి ఆరిపోతోంది. వాసన తగ్గుతోంది. తడిపిన ప్రతిసారీ కొంత పోతుందని ఆమెకు తెలుసు. అందుకే ఇన్నాళ్లు నీటి చుక్క తగలనివ్వలేదు.

చెంబులో నీళ్లు కొంచెం మిగిలి ఉన్నాయి. సత్తమ్మ చేయి ముంచింది. పిల్లకు తగలకుండా, తన వైపు ఉన్న అంచు మీద చిలకరించింది. తర్వాత ఆ అంచు తల మీదికి లాక్కుంది.