ముంజేతి మీది మచ్చ

1968. పాతపట్నం చుట్టుపక్కల పల్లెల్లో నేను వ్యాక్సినేటర్‌ని, అంటే మశూచి రాకుండా టీకాలు వేసేవాణ్ణి. నా సైకిలు కనబడితే చాలు, పల్లెకు పల్లె జీడితోటల్లోకి పరుగు తీసేది. తప్పు వాళ్లది కాదు, మా రోటరీ లాన్సెట్‌ది. చేతి మీద లింఫ్, అంటే టీకామందు, ఒక చుక్క వేసి, ఈ పళ్లున్న సూదిని దానిమీద నొక్కి తిప్పాలి. తిప్పినవాడికేం పోయింది, తిప్పించుకున్నవాళ్లకు మూడు రోజులు చెయ్యి లేచేది కాదు.

మా పనిలో ముందు చెయ్యి చూస్తాం, తర్వాతే మాట వింటాం. వయసు గురించి మనిషి అబద్ధమాడతాడు గాని టీకా మచ్చ ఆడదు. మచ్చ చూసి అది ఏ కాలం నాటిదో చెప్పేయగలనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

పక్క ఊళ్లో మశూచి కనబడిందంటే ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లెకు వెళ్లాను. చివరి ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లు. మంచంలో ఎనభై దాటిన ముసలమ్మ అప్పలమ్మ, పది రోజులుగా అన్నం ముట్టడం లేదట. గుమ్మంలో పాతికేళ్ల మనిషి పైడమ్మ.

పైడమ్మ జబ్బ మీద మచ్చ లేదు. ముంజెయ్యి తిప్పి చూసి ఆగిపోయాను. అక్కడ రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. మశూచి పొక్కులోని రసమే తీసి అంటించే పాతకాలపు నాటు టీకా అది. మా తాతల నాడే సర్కారు మాన్పించింది. అంతకుముందు నేను అలాంటి మచ్చను ఒక్కసారే చూశాను, తొంభై దాటిన ఒడియా ముసలాయన చేతి మీద.

"ఇది ఎవరు వేశారమ్మా?"

"ఒడియా టీకాలాయన ఏసినాడు. నా సిన్నప్పుడు."

"మంచంలో ఉన్నావిడ మీ మామ్మా?"

"నా కూతురు బాబూ."

నవ్వబోయాను, నవ్వు రాలేదు. అప్పలమ్మ జబ్బ మీద ఇంగ్లీషు టీకా మచ్చలు ఉన్నాయి. బాగా పాతవే గాని, పైడమ్మ మచ్చ వాటికన్నా పాతది.

"వయసు పోకూడదని మహేంద్రగిరి ఎక్కినాను బాబూ. బైరాగి దుంపలిచ్చినాడు. ఏడాదికో ముక్క తింతన్నాను. ఊరోళ్లకి అనుమానమొచ్చే లోగా ఊరు మారిపోతన్నాం" అంటూ పైడమ్మ కొంగు ముడి విప్పింది. అల్లం కొమ్మంత దుంప ముక్క. "ఇదే ఆకరిది. మా అప్పలమ్మ ఎన్నడూ తిన్లేదు, ఇప్పుడు నోట్లో ఎడితే ఉమ్మేస్తన్నాది. రసం తీసిస్తాను, నీ మందుకి బదులు ఆ సుక్క ఏసి తిప్పు. నెత్తురులోకి పోతాది గదా!"

నా కాళ్లు పట్టుకుంది. పాతికేళ్ల ముఖంలో నూరేళ్లకు దగ్గరపడ్డ తల్లి ఏడుస్తోంది. అది చూసి తట్టుకోలేకపోయాను. లాన్సెట్ బయటికి తీశాను కూడా.

అప్పలమ్మ తన చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"ఒద్దు బాబూ. ఈ ముడతలన్నీ బతికి సంపాదించుకున్నాను. అమ్మా, నన్ను ఎల్లనియ్యి. నువ్వు కూడా మెల్లగా ముసలైపోయి నా ఎనకాల రాయే."

ఎనభై ఏళ్ల కూతురు తల్లిని బుజ్జగిస్తోంది. నేను లాన్సెట్‌ని పెట్టెలో పెట్టేశాను.

ఆ పల్లెలో మిగతావాళ్లకు వేసిన మందు 'టేక్' అయిందా, అంటే టీకా వేసినచోట పొక్కు లేచిందా అని వారానికి మళ్లీ వెళ్లి చూడాలి, అది మా రూలు. వెళ్లేసరికి ఆ ఇంట్లో మంచం ఎత్తేసి ఉంది. అప్పలమ్మ పోయి నాలుగు రోజులైందట. దుంపను ఏట్లో పారేశానంది పైడమ్మ. కొప్పు విప్పి, చెవి వెనక నుంచి ఒక్క వెంట్రుక లాగి వేలికి చుట్టి చూపించింది. తెల్లగా ఉంది.

"సూడు బాబూ! మా అప్పలమ్మకీ మొదట ఇక్కడే నెరిసినాది" అని ఏడుస్తూ నవ్వింది. ఎందుకో తెలియదు, ఆమెకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

అప్పటిదాకా నా ఉద్యోగం మనుషుల్ని చావకుండా ఆపడం అనుకునేవాణ్ణి. కాదు, వాళ్లను ముసలివాళ్లు కానివ్వడమే నా పని. ఆ తర్వాత పిల్లల్ని దాచే తల్లుల్ని చట్టం పేరు చెప్పి బెదిరించడం మానేశాను. "ఈ బుర్ర ముగ్గుబుట్ట అయ్యేదాకా బతకాలమ్మా, ఏదీ చెయ్యి" అనేవాణ్ణి. వాళ్లే పిల్ల చెయ్యి పట్టి ఇచ్చేవారు.